అమ్మాయి పెళ్లయ్యేదాకా స్కూటీ ఆపమంటున్నారు. నా వయసు 57. ఏం చేయమంటారు?

మంగమూరు రోడ్డు అక్క (ఒంగోలు) అడిగింది:

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ చదివి పోయే రకాన్నే గానీ రాసేది తక్కువ. ఈసారి ఎవరితోనో ఒకరితో చెప్పుకోకపోతే నిద్ర పట్టేలా లేదు. పెద్ద పోస్టు, ఓపికుంటేనే చదవండి.

మా ఆయన రిటైరయ్యారు. బాబు బెంగళూరులో, పాప హైదరాబాదులో ఉద్యోగాలు. పాపకి సంబంధాలు చూస్తున్నాం. ఆయనకి శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఎదురుగా వచ్చే లైట్లు పడట్లేదు, మోకాళ్ళు కూడా సహకరించట్లేదు. బండి తీయడం మానేశారు. పాప కాలేజీ రోజుల్లో కొన్న స్కూటీ కవరు కప్పుకొని మెట్ల కింద పడి ఉంది. రోజూ దాని పక్క నుంచే చెత్తబుట్ట బయట పెట్టేదాన్ని. ఒకరోజు కవరు తీసి తుడిచాను. నేనే నేర్చుకుంటే ఏం పోయింది అనిపించింది.

మా వీధిలో బ్యాంకులో చేసే అమ్మాయి ఒకామె ఆదివారం పొద్దున్నే నన్ను కొత్తపట్నం రోడ్డు వైపు ఒక వెంచర్‌లోకి తీసుకెళ్లేది. తెలియనివాళ్ళకి చెప్తున్నా, మా ఊళ్ళో చాలామంది ఆడవాళ్ళు బండి నేర్చుకునేది వెంచర్ రోడ్ల మీదే. ప్లాట్లు అమ్ముడుపోయి ఏళ్ళు గడిచినా ఇళ్ళు లేవవు. సిమెంటు రోడ్లు మాత్రం ఖాళీగా పడి ఉంటాయి. అడ్డం వచ్చేది బర్రెలే, అవి హారన్ కొట్టినా లేవవు. మొదట్లో నా తిప్పలన్నీ కుడి చేత్తోనే. భయమేస్తే బ్రేకు పట్టాలి కదా, నా చెయ్యేమో యాక్సిలేటర్‌నే ఇంకా గట్టిగా బిగించేది. బండి ముందుకు దూకేది, నేను రెండు కాళ్ళూ నేల మీద ఈడ్చుకుంటూ "అమ్మో అమ్మో" అని అరుపులు. చెప్పులు తెగిపోయాయి. చీర కుచ్చిళ్ళు చక్రం దాకా పోతున్నాయని ఆ అమ్మాయే "ఆంటీ, చీరతో వద్దు" అని దగ్గరుండి పంజాబీ డ్రెస్సులు కుట్టించింది. చున్నీ రెండు భుజాల మీదా పిన్నులు పెట్టి వెనక ముడేస్తాను.

డాక్టర్ దగ్గర సర్టిఫికెట్ తీసుకొని, కంప్యూటర్ పరీక్ష తెలుగులోనే రాసి ఎల్ఎల్ఆర్, అదే నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు, తెచ్చుకున్నా. బండికి ముందూ వెనకా ఎరుపు రంగు ఎల్ అక్షరం. ఇప్పుడు రైతుబజారు, మందుల షాపు, గుడి, పోస్టాఫీసు అన్నీ నేనే తిరిగొస్తున్నా.

గొడవ ఎక్కడ మొదలైందంటే, మా ఆయన అక్కగారు టంగుటూరు నుంచి వచ్చినప్పుడు నేను బండి దిగుతూ కనిపించాను. వదిన నోరు తెలిసిందే, నవ్విస్తూనే చురక పెడుతుంది. "ఏమ్మే, పిల్లకి సంబంధాలు చూసే టయానికి తల్లి చున్నీ ఏసుకొని బండి మీద తిరగతా ఉంటే, చూసేదానికి వచ్చినోళ్ళు పెళ్లికూతురెవరో తెలీక తికమకపడతారు" అంది. నాక్కూడా నవ్వొచ్చింది. తర్వాత కాఫీ తాగుతూ నవ్వకుండా చెప్పింది. పెళ్లయ్యేదాకా ఆపాలట, ఆ తర్వాత విమానం తోలుకున్నా అడగదట. "అయినా ఆడోళ్ళకి ఫ్రీ బస్సు ఇచ్చారు కదా, బండెందుకు?" అని ఒక ప్రశ్న. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మనకి టికెట్ లేని మాట నిజమే. పల్లెవెలుగు ఎక్కి నేనే టంగుటూరు వెళ్ళొస్తుంటాను. ఆ బస్సు మా సందులోకి వచ్చి నన్ను మందుల షాపు ముందు దించదు కదా!

మా ఆయన్ని అడిగితే "నీ ఇష్టం" అనేసి పేపర్లో తల దూర్చారు. పాప అయితే "నువ్వు సూపర్ అమ్మా, కాకపోతే స్టేటస్‌లో ఫొటో పెట్టకు, పెళ్లిళ్ల పేరయ్య నంబర్ కూడా నీ ఫోన్లో ఉంది" అంది.

నేను గమనించింది ఒకటి చెప్తాను. ఎవరైనా ఆపి "ఏంటక్కా, ఈ వయసులో బండి?" అంటే, "ఆయనకి చూపు ఆనట్లేదమ్మా, మందులు తేవాలి కదా" అంటాను. వెంటనే ముఖాలు మెత్తబడతాయి. "పాపం, తప్పదులే" అంటారు. ఒకసారి ఏమంటారో చూద్దామని గుడి దగ్గర ఒకావిడతో "నాకు సరదాగా ఉందండీ, అందుకే" అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి "అమ్మాయికి సంబంధం కుదిరిందా?" అంది. బండి అదే, మనిషినీ నేనే. చాకిరీ కోసం తోలితే నా వయసు ఎవరికీ గుర్తు రాదు, సరదాకి అనగానే 57 బయటికొస్తుంది.

మా వీధి చివర ఒకావిడ అరవై దాటాక మొదటిసారి విమానం ఎక్కింది. ఇంగ్లీషు ముక్క రాదు. కూతురి పురిటికి గోంగూర పచ్చడి, కారప్పొడులు, సున్నుండలు మూటగట్టుకొని, మధ్యలో ఇంకో దేశంలో విమానం మారి, ఒక్కతే డాలస్ వెళ్ళింది. బాలింతకి పథ్యం వండింది, పసిగుడ్డుకి నీళ్ళు పోసింది, గడువు అయ్యేదాకా అంట్లు తోమి తిరిగొచ్చింది. ఈ వయసులో ఒంటరి ప్రయాణం ఏంటని ఒక్కరన్నారా? పైపెచ్చు "అదృష్టవంతురాలు" అన్నారు.

కేరళలో కార్త్యాయని అమ్మ అని, 2018లో 96 ఏళ్ళకి అక్షరాస్యత పరీక్ష రాసి వందకి 98 మార్కులు తెచ్చుకుంది కదా. ఆవిడ ఫొటో మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది ఎవరనుకున్నారు? మా వదినే. కింద వరసగా దండాల బొమ్మలు. కేరళ దూరం కాబట్టి సరిపోయింది.

అడిగేది రెండు. నిజంగా ఇది సంబంధాలకి అడ్డమా, ఊరికే భయపెడుతున్నారా? అబ్బాయిల తల్లులు ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి. రెండోది, ఈ వయసులో లైసెన్సు ఏళ్ళు తగ్గించి ఇస్తారంటున్నారు, అసలు ఇవ్వరని కూడా ఒకరన్నారు. తెలిసినవాళ్ళు చెప్పగలరు.

చీమకుర్తి కుర్రోడు:

అమ్మా, నేను గ్రానైట్ క్వారీ ఆఫీసులో చేస్తాను. వయసు 33, పెళ్లి కాలేదు. మీరు "ఇంకా ఎందుకు" విభాగం, నేను "ఇంకా ఎప్పుడు" విభాగం. ఆదివారం టెన్నిస్ బాల్ క్రికెట్‌కి పోతే మా నాన్న స్నేహితులు అరుగు మీద నుంచి "నీ తోటోళ్ళ పిల్లలు బడికి పోతా ఉండారు, నువ్వింకా బ్యాటు చంకన పెట్టుకొని తిరుగు" అంటారు. మా టీమ్‌లో వికెట్ కీపర్ నా ఈడువాడే, ఒకే బెంచీ. వాడికి ఇద్దరు పిల్లలు. వాణ్ణి పల్లెత్తు మాట అనరు. "పాపం సంసారి, ఆదివారం కాసేపు ఆడుకోనీ" అంటారు. అంటే వాళ్ళ కోపం ఆట మీదా కాదు, వయసు మీదా కాదు. వరసలో చేయాల్సినవి చేయకుండానే నేను హాయిగా ఉన్నానని.

మన జిల్లాలో ఎడ్ల పందేలు చూసే ఉంటారు. గిత్తల పళ్ళు చూసి విభాగాలు పెడతారు, పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆ పైన సీనియర్స్. సీనియర్స్‌కి వచ్చేసరికి బండ బరువు పెంచుతారు గానీ తగ్గించరు. మీరు చెప్పిన డాలస్ అమ్మగారి కథ చదువుతుంటే అదే గుర్తొచ్చింది. కాకపోతే గిత్తకి పందెం అయ్యాక దండేసి ప్రైజు ఇస్తారు.

సింగరాయకొండ 99:

ముసలోళ్ళకి దసరా పండగ అని పెద్దోళ్ళు ఊరికే అనలేదు 😀

చీమకుర్తి కుర్రోడు:

దసరా అందరికీ సెలవే కదన్నా. క్యాలెండర్లో ఏ వయసు వాళ్ళకో రాసుందా?

లెక్కల మాస్టారు, కావలి:

చెల్లెమ్మా, నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. మనిషి ఎప్పుడు ముసలివాడవుతాడో ప్రకృతి తేలుస్తుందని అనుకునేవాణ్ణి. కాదు, సెక్రటేరియట్ తేలుస్తుంది. 1983లో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం ఉద్యోగుల రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కి దించింది. అప్పుడు నేను డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగం కోసం కాచుకొని ఉన్నా. ఖాళీలు వస్తాయని మా బ్యాచ్ అంతా సంబరపడ్డాం. మా నాన్నగారి స్నేహితులు కొందరు మాత్రం రాత్రికి రాత్రి ముసలివాళ్ళైపోయారు. తర్వాత మళ్ళీ 58 చేశారు. 2014లో 60 చేశారు. నేను 60కి దిగిపోయాక, 2022 జనవరి నుంచి 62 అయింది. నా తర్వాత బ్యాచ్ వాళ్ళు 61 ఏళ్ళకి క్లాసులో "డైనమిక్ సార్", అదే వయసుకి నేను ఇంట్లో "పెద్దాయన". మోకాళ్ళు ఇద్దరివీ ఒకటే, జీవోలు వేరు.

ఇంకొకటి. నాకు అరవై నిండినప్పుడు పిల్లలు షష్టిపూర్తి చేశారు. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై పేర్లూ తిరిగి, మనం పుట్టిన సంవత్సరం పేరు మళ్ళీ వస్తుందనే కదా ఆ వేడుక. మా ఇద్దరినీ పీటల మీద కూర్చోబెట్టి దండలు మార్పించారు. నా చేత మా ఆవిడకి మళ్ళీ తాళి కట్టించారు, తలంబ్రాలు పోయించారు. ఆవిడ సిగ్గుపడుతుంటే ఫొటోగ్రాఫరు "అమ్మా, ఇటు చూడండి" అని ఒకటే గోల. బంధువులంతా అక్షింతలు వేసి, బూరెలు తిని, మెచ్చుకుని వెళ్ళారు. కొన్నాళ్ళకి పొద్దున వాకింగ్‌లో నేను ఆవిడ చెయ్యి పట్టుకొని నడుస్తున్నా, ఆవిడకి కళ్ళు తిరుగుతాయి. ఆ అక్షింతలు వేసినవాళ్ళలోనే ఒకాయన ఎదురై "ఏంది మాస్టారూ, ముసలితనంలో ముచ్చట్లా?" అన్నాడు. పంతులు గారి ముందు తలంబ్రాలైతే శాస్త్రం, బజార్లో చెయ్యి పట్టుకుంటే వేషాలు. నేను మాత్రం చెయ్యి వదల్లేదు, పడితే ఆయనొచ్చి లేపుతాడా?

మీరు 1968లో పుట్టి ఉంటే అది కీలక నామ సంవత్సరం. 2028 ఉగాదికి మళ్ళీ కీలక వస్తుంది. పంచాంగం లెక్కన మీ మొదటి రౌండే ఇంకా పూర్తి కాలేదు. మీ వదినగారికి ఈ లెక్క చూపించండి.

పొగతోట నుంచి ఒక అత్తగారు (నెల్లూరు):

అబ్బాయిల తల్లుల్ని అడిగారు కాబట్టి చెప్తున్నా వదినా. పోయినేడే మా వాడి పెళ్లి చేశాను.

చూస్తారు. అబద్ధం ఎందుకు చెప్పాలి? "తల్లిని చూసి పిల్లని, పాడిని చూసి బర్రెని" అని మా అత్తగారు ప్రతి సంబంధానికీ బయల్దేరేటప్పుడు ఒకసారి అనేది. అమ్మాయి ట్రే పట్టుకొని వచ్చేలోపు మేం చూసేది తల్లినే. ఇల్లు ఎలా పెట్టుకుంది, ఎవరి మాట చెల్లుతుంది, భర్త మాట్లాడుతుంటే మధ్యలో అందుకుంటుందా, ఇవన్నీ. కాబోయే వియ్యపురాలు డ్రెస్సేసుకొని బండి తోలుతుందంటే మా వైపు కూడా ఒకరిద్దరు ముఖం చిట్లించి "ఆ ఇంట్లో ఆవిడదే రాజ్యం" అనుకునేవాళ్ళే.

కానీ ఆ కారణంతో సంబంధం తప్పిపోవడం నేనెక్కడా చూడలేదు. తప్పిపోయేది పెట్టుపోతల దగ్గర, జాతకాల దగ్గర, పిల్ల ఉద్యోగం ఏ ఊళ్ళో అన్నదాని దగ్గర. మిగతావన్నీ వద్దనుకున్నాక చెప్పుకునే సాకులు. అందుకే దాచకండి. మాటల్లో మీరే చెప్పేయండి, "నేనే బండి మీద వెళ్ళి మీకోసం స్వీట్లు తెచ్చా" అని. దానికే ముఖం ముడిచే ఇల్లయితే, రేపు మీ అమ్మాయి ఆఫీసు నుంచి రాత్రి తొమ్మిదింటికి వస్తే ఏమంటుందో ఇప్పుడే తెలిసిపోతుంది. ఆ విధంగా మీ స్కూటీ ఉపయోగపడుతుంది కూడా.

మా వాడి కోసం నేను రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి పెళ్లి రొట్టె తీసుకున్నాను. కోరిక తీరింది, వచ్చే మొహర్రంకి రొట్టె ఇచ్చి మొక్కు తీర్చుకోవాలి. మీరు రండి, ఆ రొట్టె మీ చేతికే ఇస్తా. బండి మీద మాత్రం రాకండి, ఒంగోలు నుంచి హైవే అది, బస్సెక్కండి. మీ వదినగారు చెప్పిన ఫ్రీ బస్సు దీనికి పనికొస్తుంది.

ఫిజియో, దర్గామిట్ట:

అందరూ లోకం సంగతి చెప్పారు, నేను ఎముకల సంగతి చెప్తాను.

లైసెన్సుకి పై వయసు పరిమితి లేదమ్మా. 40 దాటితే డాక్టర్ సర్టిఫికెట్ కావాలి, అది మీరు ఇచ్చేశారు. 55 దాటాక తీసుకుంటే ఐదేళ్ళకే ఇస్తారు, తర్వాత రెన్యువల్ చేయించుకోవాలి. ఎల్ఎల్ఆర్ వచ్చిన 30 రోజుల తర్వాత టెస్టుకి వెళ్ళొచ్చు, ఎల్ఎల్ఆర్ గడువు ఆరు నెలలు. పెళ్లయ్యేదాకా ఆపితే మొత్తం మళ్ళీ మొదటికి వస్తుంది. ఆపమన్నవాళ్ళు ఈ లెక్క చూసుకొని ఉండరు.

ఇక వయసు అసలు పట్టించుకోవద్దని మాత్రం నేను అనను. నెలసరి ఆగాక ఆడవాళ్ళ ఎముకలు త్వరగా గుల్లబారతాయి. పడేటప్పుడు ఎవరైనా చెయ్యి కింద పెడతారు, అందుకే ముందు మణికట్టు విరుగుతుంది. ఒకసారి బోన్ డెన్సిటీ, విటమిన్ డి చూపించుకోండి. స్కూటర్లు దాదాపు వంద కేజీలుంటాయి. ఆగి ఉన్నప్పుడు పక్కకి ఒరిగితే కాలు అడ్డం పెట్టి ఆపాలని చూడొద్దు, వదిలేసి పక్కకి తప్పుకోండి. బండి గీతలకి పెయింట్ వేయొచ్చు. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాలి. ఆనకపోతే ఆ బండి మీకు పెద్దది. బరువు ఎక్కువనిపిస్తే 250 వాట్ల లోపు, గంటకి 25 కిలోమీటర్ల లోపు వేగంతో పోయే ఎలక్ట్రిక్ బళ్ళు ఉంటాయి. వాటికి లైసెన్సే అక్కర్లేదు.

ఇంకో మాట. మీ ఈడు ఆడవాళ్ళు మణికట్టు కట్టుతో నా దగ్గరికి వచ్చినప్పుడు ఎక్కడ పడ్డారని అడుగుతాను. బండి మీద నుంచి పడ్డవాళ్ళు తక్కువ. బాత్రూములో జారినవాళ్ళు, తెల్లారకముందే కల్లాపి చల్లిన వాకిట్లో జారినవాళ్ళు ఎక్కువ. ఈ వయసులో కల్లాపి ఎందుకని వాళ్ళని ఎవరైనా ఆపారో లేదో మరి.

మంగమూరు రోడ్డు అక్క:

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. మాస్టారి షష్టిపూర్తి కథ మా ఆయనకి చదివి వినిపించాను. పేపరు దించి నవ్వారు. అంతకుమించి ఏమీ అనలేదు.

సింగరాయకొండ బాబూ, మా ఇంట్లో దసరాకి బొమ్మల కొలువు పెట్టేది నేనే. రా, శనగలు పెడతా.

పొగతోట వదినగారూ, మీరు దాపరికం లేకుండా చెప్పినందుకు చాలా సంతోషం. రొట్టెకి తప్పకుండా వస్తాను. కానీ ఒక్క మాట ఒప్పుకోను. సంబంధాలు తేల్చుకోవడానికి స్కూటీ ఉపయోగపడుతుందన్నారు. ఇప్పటిదాకా మందుల కోసం, ఇప్పుడు సంబంధాల కోసం. మళ్ళీ దానికి ఒక పని అంటగట్టాం చూశారా? నాకు కావాల్సింది పని లేకుండా తోలడం. ఒక ఆదివారం కొత్తపట్నం దాకా పోయి, చెరుకురసం తాగి, కూరగాయలు కూడా కొనకుండా తిరిగి రావాలి. ఎక్కడికెళ్ళావని అడిగితే "ఊరికే" అనాలి. నా వయసు మగవాళ్ళు టీకొట్టు దగ్గర గంటలు గంటలు ఊరికే కూర్చుంటారు, వాళ్ళ దగ్గర ఎవరూ లెక్క అడగరు.

వదినకి ఫోన్ చేసి చెప్పేశాను. ఎల్ఎల్ఆర్ గడువు పోతుంది, టెస్టుకి వెళ్తున్నా, పెళ్లివాళ్ళు వచ్చిన రోజు చీరలోనే ఉంటా, బండి సంగతి అడిగితే నేనే చెప్తా అన్నాను. "నీ కూతురు, నీ కర్మ" అని పెట్టేసింది. అప్పట్నుంచి గ్రూపులో ఆవిడ గుడ్ మార్నింగులు కూడా ఆగిపోయాయి. చూద్దాం. పాప పెళ్లికి గాజులు తేవాలన్నా, ప్రధానం చీరలు ఎంచాలన్నా ఆవిడ లేకుండా మా ఇంట్లో జరగదు, ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

ఇప్పుడు నా అసలు టెన్షన్ వేరే ఉంది. కొప్పు మీద హెల్మెట్ దిగట్లేదు. క్లిప్పు పెడితే గుచ్చుకుంటుంది, జడ వదిలేస్తే గాలికి మొహం మీదకి వస్తుంది. షాపులో అతను చూపించినవన్నీ నా తలకి బిందె బోర్లించినట్టున్నాయి. బండి తోలే ఆడవాళ్ళు ఎలా పెట్టుకుంటున్నారో చెప్పండి.

ఫిజియో, దర్గామిట్ట:

కొప్పు విప్పేసి మెడ దగ్గర నుంచి కిందికి వదులుగా జడ అల్లి డ్రెస్సు లోపలికి వేసుకోండి. లోపల క్లిప్పులు, పిన్నులు వద్దు, పడితే తలకే గుచ్చుకుంటాయి. హెల్మెట్ సైజు సెంటీమీటర్లలో ఉంటుంది. కనుబొమ్మల పైనుంచి తల చుట్టూ టేపుతో కొలుచుకొని షాపుకి వెళ్ళండి. ఐఎస్ఐ గుర్తు చూడండి. పెట్టుకుంటే బుగ్గలు కాస్త నొక్కినట్టు ఉండాలి.

చీమకుర్తి కుర్రోడు:

నల్లరంగుది మాత్రం తీసుకోకమ్మా. మన ఎండకి మధ్యాహ్నం లోపు కాలిపోతుంది.